డేటాబేస్ వీఎం డిస్క్ షేర్డ్‌లోనా, లోకల్‌లోనా?

మా క్లస్టర్‌లో (కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో) వీఎంల (వర్చువల్ మెషీన్ల) డిస్కులన్నీ ఎన్‌ఎఫ్‌ఎస్ షేర్ మీదే, అంటే నెట్‌వర్క్ ద్వారా అందరూ వాడే ఒకే స్టోరేజ్ మీదే ఉండేవి. లోడ్ పెరిగితే చాలు, డేటాబేస్ వీఎంది నత్తనడకే. టాప్ కమాండ్‌లో చూస్తే సీపీయూ ఖాళీగానే ఉంది, ఐఓ వెయిట్ (డిస్క్ కోసం ఎదురుచూసే సమయం) మాత్రం పైపైకి పోతోంది. ఫియో అనే డిస్క్ పరీక్ష టూల్‌తో 4కే (4 కిలోబైట్ల) బ్లాకులు రాయిస్తూ, ప్రతి రాతకూ ఎఫ్‌సింక్ (డేటా నిజంగా డిస్కుకు చేరేదాకా ఆగడం) పెట్టి చూశాను. అదే పరీక్ష లోకల్ ఎన్‌వీఎంఈ (సర్వర్‌లోనే ఉండే వేగమైన ఎస్‌ఎస్‌డీ) మీద ఎంతో చురుగ్గా నడిచింది. 1 గిగాబిట్ లింకులో సెకనుకు 125 మెగాబైట్లు దాటవన్నది నిజమే. కానీ ఇక్కడ అసలు దెబ్బ ప్రతి కమిట్ (డేటాబేస్ మార్పును ఖాయం చేసే రాత) నెట్‌వర్క్ దాటి వెళ్లి రావడంలోనే ఉంది.

ఆ ఒక్క డిస్కునే ప్రాక్స్‌మాక్స్‌లో (వీఎంలను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) లోకల్ జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్‌కు మార్చాను. వీఎం ఆపాల్సిన పని పడలేదు. రెండో నోడ్‌కు (క్లస్టర్‌లోని మరో సర్వర్‌కు) రెప్లికేషన్, అంటే డిస్క్ కాపీ పంపడం పెట్టాను. అది డిఫాల్ట్‌గా 15 నిమిషాలకోసారి నడుస్తుంది. ఈలోపు నోడ్ పోతే మధ్యలో రాసిన డేటా పోయినట్టే. డేటాబేస్‌కు అది ఒప్పుకోదగ్గ నష్టం కాదు కాబట్టి వేరే నోడ్‌లో స్ట్రీమింగ్ రెప్లికా (మార్పులను వెంటవెంటనే అందుకునే డేటాబేస్ కాపీ) కూడా నిలబెట్టాను.

వెబ్, మెయిల్ వీఎంలు షేర్డ్‌లోనే ఉన్నాయి. లైవ్ మైగ్రేషన్‌లో (నడుస్తున్న వీఎంను ఆపకుండా వేరే నోడ్‌కు మార్చడంలో) వాటి ర్యామ్ కదిలితే చాలు, డిస్క్ కదలక్కర్లేదు. ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఒక్కటే కాబట్టి వాటి బ్యాకప్‌లు వేరే మెషీన్‌కు పంపుతున్నాను.