పెరటి మొక్కలకు తుప్పు తెగులు: గుర్తింపు, నివారణ

కార్తీకం మొదలుకొని సంక్రాంతి దాటే వరకు విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో రాత్రి కురిసిన మంచుకు ఆకులు పొద్దెక్కే దాకా తడిగానే ఉంటాయి. చామంతికీ, చిక్కుడు పాదుకూ తుప్పు తెగులు సోకడానికి ఇది ఎంతో అనువైన కాలం. గాలిలో కొట్టుకువచ్చిన శిలీంధ్ర బీజం మొలకెత్తాలంటే ఆకుపై కొన్ని గంటలపాటు తడి నిలవాలి. కనుక ఆ తడిని తగ్గించడమే నివారణలో కీలకం.

ఆకు పైన లేత పసుపు చుక్కలు కనిపించగానే దాన్ని తిప్పి చూడాలి. చామంతి ఆకు అడుగున ముదురు గోధుమ రంగు పొక్కులు, దేవగన్నేరు ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తాయి. చిక్కుడు ఆకుకు రెండు వైపులా, పసుపు అంచుతో ఎర్రటి పొక్కులు లేస్తాయి. అనుమానం ఉంటే తెల్లని గుడ్డతో రుద్దండి. కుంకుమలా పొడి అంటుకుంటే అది తుప్పు తెగులే. మామిడి, జామ ఆకుల పైభాగాన వచ్చే నారింజ రంగు నూగు మచ్చలను కూడా ఎర్ర తుప్పు అంటారు గాని, అవి నాచు జాతి వల్ల వచ్చేవి.

నీళ్లు ఉదయమే, మొక్క మొదట్లోనే పోయాలి. సాయంత్రం పైపుతో ఆకులు తడిసేలా చల్లే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. ఈ కాలంలో దాన్ని తప్పక మానాలి. మిద్దె తోటల్లో కుండీలను ఒకదానికొకటి ఆనించకుండా గాలి ఆడేలా దూరం జరపాలి. యూరియా ఎక్కువైతే ఆకులు మెత్తగా, గుబురుగా పెరిగి తెగులుకు సులువుగా లొంగుతాయి. కడియం నర్సరీల నుంచి వచ్చినా, వీధి బండిపై కొన్నా, కొత్త చామంతి మొక్కను ఆకుల అడుగు చూశాకే తీసుకుని, రెండు వారాలు విడిగా ఉంచడం మంచిది.

తెగులు కనిపించిన ఆకులను పొడిగా ఉన్న వేళ కోసి సంచిలో కట్టి పారవేయాలి. ఎరువు గుంతలో వేయకూడదు. అయినా వ్యాపిస్తుంటే నీటిలో కలిసే గంధకపు పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి, ఆకుల అడుగు తడిసేలా, ఎండ తీవ్రత లేని పూట పిచికారీ చేయాలి. వేపనూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం వాడితే ఆకులు మాడే ప్రమాదం ఉంది.