తాగిన మర్నాడు గుండె దడ: నాడి ఎలా చూడాలి?

కనుమ రాత్రి మందు, మాంసం. తెల్లారేసరికి గుండె దడదడ. ఇంట్లోవాళ్లు ‘గ్యాస్ పట్టేసింది’ అని ఈనో కలిపిస్తారు. పండగల్లో జరిగే పెద్ద పొరపాటు ఇదే. అతిగా తాగాక గుండె లయ తప్పడాన్ని ‘హాలిడే హార్ట్’ అంటారు. 1978లో అమెరికాలో ఫిలిప్ ఎటింగర్ బృందం పెట్టిన పేరిది. గుండెజబ్బు లేనివాళ్లకూ వస్తుంది.

ఆల్కహాల్, అది విరిగితే పుట్టే అసిటాల్డిహైడ్ గుండె పైగదుల్లోని విద్యుత్ ప్రసారాన్ని చెదరగొడతాయి. మాటిమాటికీ మూత్రానికి వెళ్లడంతో పొటాషియం, మెగ్నీషియం తగ్గవచ్చు. పైగా నిద్రలేమి. దాంతో పైగదులు కుదురుగా ముడుచుకోలేక ఊరికే వణుకుతాయి. ఇదే ఏట్రియల్ ఫిబ్రిలేషన్. ‘నేను తాగింది కొంచెమే’ అనుకోకండి: 42.8 శాతం విస్కీ క్వార్టర్, అంటే 180 మి.లీ.లో దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఒక్క పూటలో 60 గ్రాములు పడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది అతి తాగుడే.

ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర, మాట తడబాటు, చెయ్యి పట్టు తప్పడం: వీటిలో ఏ ఒక్కటున్నా నాడి చూస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. ‘మత్తు ఇంకా దిగలేదు’ అనుకుని పడుకోబెట్టడం పక్షవాతం విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది.

అవేవీ లేకపోతే ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. సెకన్ల ముల్లున్న గోడగడియారం చాలు. ఫోన్ వద్దు, మెసేజ్ వస్తే లెక్క తప్పుతుంది. బొటనవేలి వైపు మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు మెత్తగా ఆనించండి. మీ బొటనవేలితో చూస్తే మీ నాడే మీకు తగలొచ్చు. గట్టిగా నొక్కితే ఏదీ తెలియదు.

అసలు కష్టం ఇక్కడే. చాలామంది 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు. దానివల్ల వేగం తెలుస్తుంది, లయ తెలియదు. మనకు కావలసింది లయ. పూర్తిగా 60 సెకన్లు చూడాలి, అదీ రెండుసార్లు. నాడితో పాటు కాలితో తాళం వేయండి. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలుస్తుంటే, వేగం ఎక్కువున్నా లయ ఉన్నట్టే. ఊపిరి పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు నెమ్మది అయితే అది సహజం. మామూలుగా నడుస్తూ అప్పుడప్పుడు ఒక్క దెబ్బ తప్పడం వేరు. కానీ ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా, ఒకటి బలంగా, ఒకటి అందీ అందకుండా పడుతూ, ఎంతసేపు వేసినా తాళం కుదరకపోతే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను అనుమానించాలి. ఆక్సిమీటర్, బీపీ మిషన్ చూపే అంకెను నమ్మి ఊరుకోవద్దు. ఈ లయలో కొన్ని దెబ్బలు మణికట్టు దాకా రావు, అంకె అసలు వేగం కంటే తక్కువ చూపొచ్చు.

లయ తప్పిందనిపిస్తే దడ మొదలైన టైము కాగితం మీద రాయండి. 48 గంటలు దాటిందా లేదా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది, ఎందుకంటే వణికే గదుల్లో రక్తం గడ్డకట్టవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ల బీపీ మాత్ర ఇవ్వొద్దు. కాఫీ, ఇంకో పెగ్గు అసలే వద్దు. దడ ఉండగానే వెళ్లి ఈసీజీ తీయించండి, బండి మాత్రం వేరేవాళ్లు నడపాలి. చాలామందికి 24 గంటల్లో లయ దానంతటదే సర్దుకుంటుంది, ఆ తర్వాత తీసిన ఈసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. ఎంత తాగారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. ఈసీజీ కాగితాన్ని జిరాక్స్ తీయించి దాచండి, అసలుది కాలంతో వెలిసిపోతుంది.