ఇంటిపేరు ఇంకా ఇనిషియల్‌గానే ఉందా? సరిచేయించుకునే దరఖాస్తు విధానం

పదో తరగతి మెమోలో 'సీహెచ్ వెంకటరమణ'. ఆధార్‌లో 'చెరుకూరి వెంకట రమణ'. బ్యాంకు పాస్‌బుక్‌లో 'వెంకటరమణ సీ'. మనిషి ఒక్కడే, ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ అడగరు. పీఎఫ్ డబ్బులు తీసుకోవాలన్నా, పిల్లాడి దగ్గరికి అమెరికా వెళ్లాలన్నా అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

దరఖాస్తు పట్టుకునే ముందు ఒక్క సంగతి తేల్చుకోండి. మీరు ఇనిషియల్‌ని విప్పి రాయించుకుంటున్నారా, ఇంటిపేరే మార్చుకుంటున్నారా? రెండూ వేరు. 'సీహెచ్'ని 'చెరుకూరి' చేయడం విప్పడం. దానికి గెజిట్ (ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే అధికారిక పత్రిక) దాకా పోనక్కర్లేదు, పూర్తి పేరున్న గుర్తింపు కాగితం ఒకటి చాలు. ఆధార్ కేంద్రం బయట బల్ల వేసుకుని కూర్చునేవాళ్లు మాత్రం ఎవరొచ్చినా గెజిట్ కావాలనే అంటారు. వాళ్ల బేరం అది.

ఆ ఒక్క కాగితం ఇంట్లోనే దొరకొచ్చు. ఓటరు కార్డు, పాత పాస్‌పోర్టు, రేషన్ కార్డు వెతకండి. బడిలో చేర్చినప్పుడు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇంటిపేరు పూర్తిగా రాయించి ఉంటే, మెమోలో పడిన తప్పును దాని ఆధారంగా హెడ్మాస్టర్ ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి రాసి దిద్దించుకోవచ్చు. రిజిస్టర్‌లోనే పొట్టిగా ఉంటే మెమో జోలికి పోకుండా మిగతా కాగితాలు చూసుకోవడం మేలని నా అభిప్రాయం.

మొదట ఆధార్. పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు కాబట్టి తొందరపడొద్దు. వివరాల మార్పుకు 2025 అక్టోబర్ నుంచి ఫీజు 75 రూపాయలు. ఆపరేటర్ టైప్ చేశాక మీ వైపు తిప్పే స్క్రీన్‌ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవండి. నేను వెళ్లిన రోజు వెనక ఇరవై మంది ఉన్నారు, సిగ్గుపడి తలూపేశాను. ఇంటికొచ్చి రసీదు చూస్తే 'రి' దగ్గర 'ఐ' బదులు 'వై' ఉంది. ఉన్న రెండు అవకాశాల్లో ఒకటి అలా పోయింది.

మన ఇంటిపేర్లతో వచ్చే అసలు చిక్కు ఇదే. తెలుగులో 'తోట' ఒక్కటే, ఇంగ్లిషులో ఒకరు 'టి'తో మొదలుపెట్టి ఊరుకుంటారు, ఒకరు పక్కన 'హెచ్' తగిలిస్తారు. 'వేమూరి'లో ఒక 'యు' సరిపోతుందా, రెండు 'ఓ'లు కావాలా? అన్నయ్యది ఒకటి, తమ్ముడిది ఇంకొకటి. వారసత్వ కాగితాల దగ్గర ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని నిరూపించుకోవాల్సి వస్తుంది. కాబట్టి ఇంట్లో అందరూ కూర్చుని ఒక స్పెల్లింగ్ ఖాయం చేసుకుని, తెల్ల కాగితం మీద పెద్దక్షరాల్లో రాసి, ఎక్కడికెళ్లినా అదే చూపించండి.

ఆధార్ అయ్యాక పాన్. అందులో ఇంటిపేరు గడిలో ఇనిషియల్ ఒప్పుకోరు, పేరుకు ముందు 'డాక్టర్', 'శ్రీ' లాంటివీ రాయకూడదు. ఆ తర్వాతే బ్యాంకు. ఈ వరస తప్పితే ఒక కాగితం కోసం ఇంకోటి అడుగుతూ తిప్పుతారు.

ఇంటిపేరే మారుతుంటే దారి పొడవే. పాత పేరు, కొత్త పేరు, తండ్రి పేరు, చిరునామా, రెండు పేర్లూ ఒకే వ్యక్తివి అన్న మాటతో నోటరీ అఫిడవిట్. తర్వాత ఒక తెలుగు, ఒక ఇంగ్లిష్ దినపత్రికలో ప్రకటన. ప్రకటన ముక్క కత్తిరించి దాచుకోవద్దు, పత్రిక పేరు, తేదీ కనిపించేలా మొత్తం పేపర్ ఉంచండి. ఆపైన గెజిట్ దరఖాస్తు: తెలంగాణ వాళ్లకు చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయం, ఆంధ్ర వాళ్లకు విజయవాడ ముత్యాలంపాడు. కేంద్ర గెజిట్ కావాలంటే ఢిల్లీ సివిల్ లైన్స్‌లోని ప్రచురణల విభాగం, అక్కడ పేరు మార్పులు నాలుగో భాగంలో అచ్చవుతాయి. ఫీజులు మారుతుంటాయి, కట్టేరోజు చూసుకోండి.

పెళ్లయిన ఆడపిల్ల భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. పెట్టుకోవాలనుకుంటే ఆధార్‌కు పెళ్లి సర్టిఫికెట్ సరిపోతుంది. తండ్రి పోయి, తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్న ఇంట్లో బిడ్డకు ఏ ఇంటిపేరన్నది తల్లే నిర్ణయించవచ్చని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగు కుటుంబం నుంచి వెళ్లిన కేసే.

'మా తాతలు జమీందార్లు, పేరు ముందు రాజా అని చేర్చుకోవచ్చా' అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దు చేసింది, 1971లో 26వ సవరణతో సంస్థానాధీశుల గుర్తింపూ పోయింది. పద్మ పురస్కారాన్నే పేరుకు ముందో వెనకో తగిలించుకోకూడదని సుప్రీంకోర్టు అంది. 'కరణం', 'దేశ్‌ముఖ్' లాంటివి ఒకప్పటి పదవులే అయినా ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి కాబట్టి వాటితో పేచీ లేదు.

ఇక పాస్‌పోర్టు. దరఖాస్తులో 'రీ-ఇష్యూ' ఎంచుకుని, వ్యక్తిగత వివరాల మార్పు అని కారణం చూపాలి. 36 పేజీలదైతే 1500 రూపాయలు, తత్కాల్‌కు ఇంకో 2000. ఇంటిపేరు గడిలో 'చెరుకూరి', రెండో గడిలో 'వెంకట రమణ'. గాభరాలో మొత్తం పేరు ఒకే గడిలో నింపేసి, ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మీ పేరు మొత్తం ఇంటిపేరైపోయి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' పడుతుంది. అంటే పేరు తెలియదని. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పదం పేరుగా ఉన్నవాళ్లకు 2022 నవంబర్‌లో యూఏఈ కూడా విజిట్ వీసాల దగ్గర అడ్డు చెప్పింది, తర్వాత పాస్‌పోర్టులో తండ్రి పేరుంటే చాలని సడలించింది.

విమానం టికెట్ మీద ఇంటిపేరు ముందూ వెనకా అయి కనిపిస్తే కంగారు పడకండి. గడులు సరిగ్గా ఉంటే చాలు.