అక్టోబరు, నవంబరుల్లో వైజాగ్ వస్తున్నారా? బ్యాగులో ఏం సర్దుకోవాలంటే

మా ఊరికి ఈ రెండు నెలల్లో వచ్చే చుట్టాలు, ఫ్రెండ్స్ అందరూ అడిగేది ఒకటే, స్వెట్టర్ తేవాలా రెయిన్‌కోట్ తేవాలా అని. నన్నడిగితే వాటికంటే ముందు చూసుకోవాల్సింది ఆ బట్ట ఎంత తొందరగా ఆరుతుందనేది. పొద్దున్న మాడ్చేసే ఎండ, మధ్యాహ్నం ఉక్కపోత, సాయంత్రం ఉన్నట్టుండి ఓ గంట వాన, ఈ మూడూ ఒకే రోజులో అయిపోతాయి ఇక్కడ, పైగా సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి హైదరాబాద్‌లో రెండు గంటల్లో ఆరిపోయే చొక్కా ఇక్కడ రాత్రంతా ఆరేసినా తెల్లారి చెమ్మగానే ఉంటుంది.

అందుకే జీన్స్ ఒక్కటి చాలు, అదీ బ్యాగులో పెట్టకుండా ట్రైన్‌లో వేసుకుని వచ్చేయండి. మిగతావి పల్చటి కాటన్ ప్యాంట్లు, లేదా జిమ్‌కి వేసుకునే రకం ట్రాక్‌లు. నాలుగు రోజుల ట్రిప్‌కి టీషర్ట్‌లు నాలుగు, ప్యాంట్లు రెండు సరిపోతాయి, కానీ లోపలి బట్టలు, సాక్సులు మాత్రం రోజుకి రెండు చొప్పున లెక్కేసుకోండి, చెమటకి తడిసినవే వేసుకు తిరిగితే తొడలు ఒరుసుకుపోయి నడవలేరు. లేత బూడిద రంగు వద్దు, చెమట మరకలు బాగా కనిపిస్తాయి.

ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో నీళ్ళలోకి దిగితే ఆ బట్టల్ని రూమ్‌కి రాగానే మంచినీళ్ళలో జాడించాలి, ఇది చాలామంది చెయ్యరు. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది కాబట్టి జాడించకపోతే అవి ఎంతసేపైనా జిగటగానే ఉంటాయి. జాడించి పిండాక పొడి తువ్వాల్లో చుట్టి గట్టిగా నొక్కి, ఫ్యాన్ కింద ఆరేస్తే చాలా వరకు ఆరతాయి. మందంగా ఉండే టర్కీ టవల్ కంటే పల్చటి తుండు నయం. తడివి వేసుకోడానికి రెండు ప్లాస్టిక్ కవర్లు కూడా పెట్టుకోండి.

గొడుగు ఊళ్ళో తిరగడానికి ఓకే, బీచ్ రోడ్డు మీద గాలికి తిరగబడిపోతుంది, అక్కడికి టోపీ ఉన్న పల్చటి విండ్‌చీటరే కరెక్టు. అదే ఏసీ బోగీలో పనికొస్తుంది, అరకులోనూ పనికొస్తుంది.

అరకు వెళ్ళే ప్లాన్ ఉంటే లెక్క కొంచెం మారుతుంది. అది సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, వెయ్యి మీటర్లు పైకెళ్తే ఆరు డిగ్రీల దాకా తగ్గుతుంది కాబట్టి మధ్యాహ్నం హాయిగానే ఉన్నా తెల్లారుజామున వణుకు పుడుతుంది. లోపల ఫుల్‌హ్యాండ్స్ టీషర్ట్, దాని మీద పల్చటి స్వెట్టర్, ఆ పైన విండ్‌చీటర్, ఇలా పొరలుగా వేసుకుంటే ఎండెక్కే కొద్దీ ఒక్కోటీ తీసేసుకోవచ్చు. పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే మంకీ క్యాప్ తప్పనిసరి. డిసెంబరు, జనవరుల్లో లంబసింగికి వెళ్ళేవాళ్ళకి మాత్రం ఇది చాలదు, మందపాటి జాకెట్టే కావాలి.

బొర్రా గుహల్లో నేల జారుతుంది, అందుకని అడుగు అరిగిన చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉండి గ్రిప్ ఉన్న శాండిల్స్ అయితే తడిసినా తొందరగా ఆరతాయి. సింహాచలం దర్శనానికి ఒక పంచో చుడీదారో విడిగా మడిచి పెట్టుకోండి, షార్ట్స్‌తో గుడికి బయల్దేరకండి.

ఇంకొకటి, ఇది తుఫాన్ల సీజన్. హుద్‌హుద్ మా ఊరిని తాకింది 2014 అక్టోబరు 12న. బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ బులెటిన్ తప్పకుండా చూడండి. బంగాళాఖాతంలో వాయుగుండం అని ఉంటే ఇంకేం ఆలోచించకుండా టికెట్ మార్చుకోండి. ఉత్తి అల్పపీడనమే అయితే రావచ్చు గానీ ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి అరకు మానేసి, ఆ స్వెట్టర్ తీసేసి, ఆ చోట్లో ఇంకో రెండు టీషర్ట్‌లు పెట్టుకోండి.