దీర్ఘకాలిక సిక్ లీవ్‌లో ఆక్యుపేషనల్ హెల్త్ అసెస్‌మెంట్: బ్రిటన్‌కు కొత్తగా వచ్చినవారికి సూచనలు

బ్రిటన్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా తిరగకముందే జబ్బుపడి నెలల తరబడి ఇంటిపట్టున ఉండవలసి వచ్చినవారికి, ‘మిమ్మల్ని ఆక్యుపేషనల్ హెల్త్‌కు (ఉద్యోగుల ఆరోగ్యం పనికి ఎంతవరకు అనుకూలమో చూసే వైద్య సేవ) పంపుతున్నాం’ అని యాజమాన్యం నుంచి ఉత్తరం రాగానే గుండెల్లో రాయి పడుతుంది. ఉద్యోగం తీసేయడానికి ఇది తొలిమెట్టని, దానితోపాటు వీసా కూడా పోతుందని ఊహించుకొని నిద్రకు దూరమైనవారిని చూశాను. నడుము డిస్క్ జారి నాలుగు నెలలు మంచాన ఉన్నప్పుడు నేనూ అలాగే భయపడ్డాను. ఆ భయంలో చేసిన పొరపాటు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఈ అసెస్‌మెంట్ ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి. మీతో మాట్లాడే డాక్టరు లేదా నర్సు మీకు వైద్యం చేయరు, మందులు రాయరు. మిమ్మల్ని ఉద్యోగంలో ఉంచాలా వద్దా అని తేల్చే అధికారం కూడా వారికి లేదు. మీరు ఎప్పటికి పనికి రాగలరు, ఏ పనులు చేయగలరు, ఏవి చేయలేరు, ఎలాంటి మార్పులు చేస్తే తిరిగి రావడం సాధ్యమవుతుంది అని యాజమాన్యం అడిగిన ప్రశ్నలకు సలహా రూపంలో జవాబు ఇవ్వడమే వారి పని. మన దగ్గర ఈఎస్ఐ డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్‌కు అలవాటుపడినవారు దీన్ని ఫిట్ నోట్‌తో (పనికి తగిన స్థితిలో ఉన్నారో లేదో తెలిపే వైద్య పత్రం) కలిపి చూస్తారు కాని, ఇవి రెండూ వేరు. జబ్బుపడిన మొదటి 7 రోజులకు మీ మాటే చాలు. ఆ తరువాత ఇవ్వవలసిన ఫిట్ నోట్ సాధారణంగా మీ జీపీ (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక డాక్టరు) నుంచో ఆసుపత్రి నుంచో వస్తుంది. 2022 జూలై నుంచి నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు కూడా దాన్ని ఇవ్వవచ్చు. అందులో ‘కొన్ని మార్పులతో పని చేయవచ్చు’ అని రాసి ఉండి, ఆ మార్పులు చేయడం యాజమాన్యానికి వీలుకాకపోతే, మీరు పనికి తగిన స్థితిలో లేనట్టే లెక్క.

అపాయింట్‌మెంట్‌కు ముందే, మిమ్మల్ని పంపుతూ మేనేజరు రాసిన రిఫరల్ కాపీని అడిగి తీసుకోండి. అందులోని ప్రశ్నలు తెలియకుండా వెళ్లడం సిలబస్ చూడకుండా పరీక్షకు వెళ్లడం లాంటిది. మీ పని వివరాలు అందులో తప్పుగా ఉంటే అప్పుడే చెప్పండి: రోగులను లేపి కూర్చోబెట్టే ఉద్యోగాన్ని ‘తేలికపాటి విధులు’ అని రాసిన రిఫరల్‌ను నేను కళ్లారా చూశాను. మందుల పేర్లు, మోతాదులు, ఆసుపత్రి ఉత్తరాలు, రాబోయే పరీక్షల తేదీలు ఒక కాగితం మీద రాసుకొని దగ్గర పెట్టుకోండి. చాలా అసెస్‌మెంట్లు ఫోనులోనో వీడియోలోనో జరుగుతాయి. నొప్పిని ఇంగ్లిషులో వర్ణించడం కష్టమనిపిస్తే దుబాసీ కావాలని ముందుగానే అడగడంలో నామోషీ ఏమీ లేదు.

ఇక అసలు విషయం. ఎవరైనా ‘ఎలా ఉన్నారు?’ అని అడిగితే ‘పర్వాలేదండి’ అనడం మనకు పుట్టుకతో వచ్చిన మర్యాద. నేనూ అదే అన్నాను. ‘ఇంటి పనులు మెల్లగా చేసుకుంటున్నాను’ అని కూడా అన్నాను. అన్నం వండి పది నిమిషాలు పడుకొని, కూర వండి మళ్లీ పడుకొనేదాన్నని చెప్పలేదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోగలుగుతున్నానని రిపోర్టులో వచ్చింది. అందులో అబద్ధం లేదు, నేను చెప్పినదే ఉంది. కాబట్టి జబ్బు పేరు చెప్పి ఊరుకోకుండా, ఎంతసేపు కూర్చోగలరు, ఎంత దూరం నడవగలరు, మెట్లు ఎక్కితే ఏమవుతుంది, మందుల వల్ల మగత ఎన్ని గంటలు ఉంటుంది, వారంలో ఎన్ని రోజులు మంచం దిగలేరు అని కొలతలతో చెప్పండి. మానసిక ఆరోగ్యం విషయంలో మనవాళ్లు మరింత దాచుకుంటారు. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం, ఏకాగ్రత లేకపోవడం కూడా అక్కడ చెప్పవలసినవే. లేనిది కల్పించవద్దు, ఉన్నది తగ్గించవద్దు.

రిపోర్టు యాజమాన్యానికి వెళ్లకముందు మీకు చూపమని అడగండి. తేదీలు, పని గంటలు వంటివి తప్పుగా ఉంటే సరిచేయించుకోవచ్చు కాని, వారి అభిప్రాయాన్ని మార్చమని పట్టుబట్టలేరు. మీకు చికిత్స చేస్తున్న డాక్టరు నుంచి యాజమాన్యం రిపోర్టు కోరితే, 1988 నాటి వైద్య నివేదికల చట్టం ప్రకారం మీ అనుమతి తప్పనిసరి. పంపకముందే చూస్తానని చెప్పినవారికి దానికోసం 21 రోజుల గడువు ఉంటుంది. అనుమతి నిరాకరించే హక్కు మీకు ఉంది. అయితే అప్పుడు యాజమాన్యం తన దగ్గర ఉన్న సమాచారంతోనే నిర్ణయం తీసుకుంటుంది, అది మీకు మేలు చేయడం అరుదు.

మీ సమస్య 12 నెలలు లేదా అంతకు మించి ఉండేదై, రోజువారీ పనులకు గణనీయంగా అడ్డుపడుతుంటే, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లాండ్‌లలో 2010 నాటి సమానత్వ చట్టం కింద సముచితమైన సర్దుబాట్లు చేయవలసిన బాధ్యత యాజమాన్యానిదే. క్యాన్సర్ వంటి కొన్ని జబ్బులకు నిర్ధారణ అయిన రోజు నుంచే ఈ రక్షణ వర్తిస్తుంది.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. ఏడాదిలో 4 వారాలకు మించి జీతం లేకుండా సెలవులో ఉంటే స్పాన్సర్‌షిప్ (వీసాకు ఆధారమైన యాజమాన్యం పూచీ) ఆగిపోతుందనే నియమం నుంచి సిక్ లీవ్‌కు మినహాయింపు ఉంది. ఆ తరువాత గంటలు తగ్గించుకొని విడతలవారీగా పనికి తిరిగి వచ్చేటప్పుడు జీతం తగ్గినా, ఆ ఏర్పాటును ఆక్యుపేషనల్ హెల్త్ అసెస్‌మెంట్ సమర్థించి, గంటకు ఉండవలసిన కనీస వేతనం తగ్గకపోతే, వీసాకు ఇబ్బంది రాదు. మనం భయపడే ఆ కాగితమే ఇక్కడ మనకు అండ. అందుకే విడతలవారీ తిరిగిరాక గురించి రిపోర్టులో ఎన్ని వారాలు, రోజుకు ఎన్ని గంటలు అని స్పష్టంగా రాయమని కోరండి.

చట్టప్రకారం వచ్చే సిక్ పే గరిష్ఠంగా 28 వారాలే; కాంట్రాక్టులో అంతకంటే మెరుగైనది ఉందేమో చూసుకోండి. చికిత్సకోసమో, అమ్మ దగ్గర కోలుకోవడానికో హైదరాబాదుకో విజయవాడకో వెళ్లాలనుకుంటే, టికెట్టు కొనకముందే మేనేజరుకు ఉత్తరపూర్వకంగా తెలిపి, అసెస్‌మెంట్ తేదీ ఆ రోజుల్లో పడితే ఫోనులో జరపగలరా అని అడగండి. సిక్ లీవ్‌లో ఉన్నా వార్షిక సెలవు జమ అవుతూనే ఉంటుంది. గంటలు తగ్గించుకొని పనిచేసే తొలి వారాల్లో మిగిలిన గంటలకు ఆ సెలవు వాడుకుంటే జీతం కోత తగ్గుతుంది. దీన్ని కూడా పనిలో చేరకముందే హెచ్‌ఆర్‌తో మాట్లాడి, ఈమెయిల్‌లో ఖరారు చేసుకోండి.