జీడి తోటకు చిన్న ట్రాక్టర్: ముందు టేపు పట్టుకోండి

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం వైపు జీడి, మామిడి తోటలున్న వాళ్లు చిన్న ట్రాక్టర్ కొందామనుకోగానే నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్‌ది తీసుకోమంటారు వదినా?" అని. ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు టేపు తీసుకుని తోటలోకి వెళ్లమంటాను. మా ఇంట్లో ట్రాక్టర్ నడిపేది మా మరిది. ఏది కొనాలో తేల్చింది మాత్రం నేను కొలిచిన కొలతలే.

తోటలో గడ్డి కోతకు, తుప్పలు కొట్టడానికి, ఎరువు మోయడానికి, గుంతలు తీయడానికి అయితేనే ఈ మాటలు. వరి మడిలో దమ్ము ప్రధానమైతే లెక్క వేరు. రెండు మూడు ఎకరాల లోపు తోటకైతే ట్రాక్టర్ వద్దు. భుజానికి తగిలించుకుని గడ్డి కోసే మంచి బ్రష్ కట్టర్ ఒకటి కొనుక్కుని, పెద్ద పని పడినప్పుడు అద్దెకు పిలిపించుకోండి.

ఇక కొలతలు. గేటు వెడల్పు, తోటలోకి వెళ్లే బాటలో అన్నిటికన్నా ఇరుకైన చోటు, వరసల మధ్య ఖాళీ కొలవండి. మొక్కకూ మొక్కకూ ఏడెనిమిది మీటర్లు పెట్టి నాటాం కదా అనుకుంటాం. కానీ రెండు పక్కల కొమ్మలూ పెరిగాక మధ్యలో మిగిలే దారే అసలు లెక్క. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా వైపు జీడి చెట్లను వేళ్లతో సహా పెకలించింది. ఆ తర్వాత నాటినవి ఇప్పుడు కిందనుంచే గుబురుగా కొమ్మలు వేసి ఉన్నాయి. కాబట్టి నేల నుంచి కింది కొమ్మ ఎంత ఎత్తులో ఉందో కూడా రాసుకోండి. స్టీరింగ్ ఎత్తు, బానెట్ ఎత్తు, సీట్లో కూర్చున్న మనిషి తల ఎత్తు, ఈ మూడూ దాంతో పోల్చి చూడాలి.

ఇక్కడే సైలెన్సర్ మాట చెప్పాలి. బానెట్ మీద నిలువుగా లేచిన సైలెన్సర్ కొమ్మలకు తగులుతుంది. తోటల కోసం చేసిన మోడళ్లలో దాన్ని పక్కకో కిందికో తిప్పి ఇస్తారు. కిందికి తిప్పినదైతే మార్చి, ఏప్రిల్‌లో నేల మీద ఎండాకు మందంగా పరుచుకుని ఉన్నప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. పని ఆపగానే సైలెన్సర్ చుట్టూ, రేడియేటర్ జాలీ మీద ఇరుక్కున్న ఆకు తీసేయండి. వేడి ట్రాక్టర్‌ను ఎండాకు మీద నిలపకండి. జీడి తోటకు నిప్పంటుకుంటే ఊరంతా బిందెలతో వచ్చినా ఆగదు.

తర్వాత వాలు. మహేంద్రగిరి వైపు తోటలన్నీ ఎంతో కొంత ఏటవాలుగానే ఉంటాయి. మూడు మీటర్ల కర్ర తీసుకుని, పై కొసను నేలకు ఆనించి, మట్టపు బిళ్ల పెట్టి సమంగా పట్టుకోండి. కింది కొస నేలకు ఎంత ఎత్తులో ఉందో చూడండి. ఎనభై సెంటీమీటర్లు ఉంటే వాలు పదిహేను డిగ్రీలు. అంతకు మించిన చోట ట్రాక్టర్ దింపకండి, అక్కడ మనిషి చేత్తో కోయాల్సిందే. అంతకన్నా తక్కువ వాలులో కూడా అడ్డంగా నడపకుండా ఎక్కుతూ, దిగుతూ కోయాలి. ఇరుకు వరసల కోసం చేసిన సన్న ట్రాక్టర్‌కు చక్రాల మధ్య దూరం తక్కువ కాబట్టి పక్కకు ఒరిగే ప్రమాదం ఎక్కువ. వరస ఎంత వెడల్పు ఇస్తే అంత వెడల్పాటి బండి తీసుకోండి. ఫోర్ వీల్ డ్రైవ్‌కు అదనంగా పెట్టే డబ్బు ఈ నేలలో వృథా కాదు. ఎక్కడానికన్నా దిగేటప్పుడు దాని విలువ తెలుస్తుంది, గేరులో ఉన్న ఇంజన్ బండిని పట్టి ఆపే బిగువు నాలుగు చక్రాలకూ అందుతుంది.

డ్రైవర్ వెనక ఉండే ఇనుప కమానును రోప్స్ అంటారు. అది మడిచే రకమైతే కొమ్మల కింద సౌకర్యం. అయితే నిలబెట్టి ఉన్నప్పుడు సీటు బెల్టు పెట్టుకోవాలి. మడిచినప్పుడు పెట్టుకోకూడదు, ఎందుకంటే బండి పల్టీ కొడితే కాపాడే కమాను అప్పుడు లేదు. వాలు మీద ఎప్పుడూ మడవకండి. ఈ రెండు ముక్కలూ మీ డ్రైవర్‌కు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

ఇప్పుడు హార్స్‌పవర్. కంపెనీ పెద్దక్షరాలతో రాసేది ఇంజన్ పవర్. గడ్డి కోసే స్లాషర్‌ను తిప్పేది వెనకున్న పీటీఓ షాఫ్ట్, అంటే ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే తిరిగే కడ్డీ. అక్కడికి చేరే పవర్ కాస్త తక్కువ ఉంటుంది. అందుకే "పీటీఓ పవర్ ఎంత?" అని అడగండి. స్లాషర్‌కు అడుగు వెడల్పుకు ఐదు పీటీఓ హార్స్‌పవర్ లెక్కేసుకుంటే దాదాపు సరిపోతుంది. నాలుగు అడుగులదానికి ఇరవై, ఐదు అడుగులదానికి ఇరవై ఐదు. తుంగ, వయ్యారిభామలకు ఇంకా తక్కువైనా నడుస్తుంది గానీ, వాన తర్వాత నడుమెత్తు పెరిగిన తడి గడ్డికి ఆ పవరంతా కావాలి.

స్లాషర్ వెడల్పు వెనక టైర్ల బయటి అంచులను దాటాలి. లేకపోతే టైరు తొక్కిన గడ్డి పడుకుని కోతకు అందదు. పది రోజుల్లో అది చారలు చారలుగా లేస్తుంది.

మా వైపు తోటలకు ఎక్కువగా అడిగేవి ఇరవై నుంచి ముప్పై హార్స్‌పవర్ మధ్యవి. కుబోటా నియోస్టార్‌లో 21 హార్స్‌పవర్ ఏ211ఎన్, 24 హార్స్‌పవర్ బీ2441, మహీంద్రా జీవో 245 (ఇదీ 24), స్వరాజ్ టార్గెట్ 630 (29), 2023లో వచ్చిన మహీంద్రా ఓజా వరస. పదిహేను హార్స్‌పవర్ యువరాజ్ 215 మోతలకు, చిన్న దున్నకాలకు బాగుంటుంది, నాలుగడుగుల స్లాషర్‌కు నేను చెప్పను. ఐదారు ఎకరాల నుంచి పది ఎకరాల తోటకు నా ఓటు 24 హార్స్‌పవర్, ఫోర్ వీల్, నాలుగడుగుల స్లాషర్.

అన్నిటికన్నా గట్టిగా అడగాల్సింది క్లచ్ గురించి. సింగిల్ క్లచ్ బండిలో క్లచ్ తొక్కితే చక్రాలతో పాటు పీటీఓ కూడా ఆగుతుంది. చెట్టు మొదట్లో ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్లేటప్పుడు స్లాషర్ వేగం పడిపోయి గడ్డి చుట్టుకుంటుంది. అంతకన్నా భయపడాల్సింది ఇంకోటుంది. కొన్ని బండ్లలో క్లచ్ తొక్కినా, తిరుగుతున్న బరువైన బ్లేడు తన ఊపుతో షాఫ్ట్ ద్వారా బండినే ముందుకు నెడుతుంది. డ్రైవర్ ఆగాననుకుంటాడు, బండి చెట్టుకేసో గట్టుకేసో కదులుతుంది. చక్రాలు ఆపినా పీటీఓ తిరిగేలా ఉండే డ్యూయల్ క్లచ్ గానీ విడిగా పనిచేసే పీటీఓ గానీ ఉన్నది ఎంచుకోండి. పాత బండి తీసుకుంటే షాఫ్ట్‌కు, బ్లేడు ఊపు బండికి చేరకుండా ఆపే ఓవర్ రన్నింగ్ కప్లర్ వేయించండి. దాని ఖరీదు చూసి వెనకాడకండి.

పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది. చీర కొంగు, తువ్వాలు తగిలితే చెయ్యి తీసే వ్యవధి ఉండదు. షాఫ్ట్ మీద ప్లాస్టిక్ గొట్టం లేని స్లాషర్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి. ముందూ వెనకా గొలుసు తెరలు ఉన్నాయో లేదో చూడండి. మా ఎర్ర నేలలో రాళ్లు ఎక్కువ, బ్లేడు తగిలిన రాయి తుపాకీ గుండులా పోతుంది. పిక్కలు ఏరే ఆడవాళ్లు తోటలో ఉండగా స్లాషర్ ఆడకూడదు. ఇది మా తోటలో ఎవరూ దాటని గీత.

గుంతలు తీసే ఆగర్, ఎరువు తొట్టి, వెనక బ్లేడు కూడా వాడాలనుకుంటే వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ కొక్కేల కొలత అడగండి. బాగా సన్న మోడళ్లకు మామూలు పనిముట్లు సరిగా కూర్చోవు. ఎత్తే బరువు 750 కిలోలని ఉంటే అది కొక్కేల దగ్గర లెక్క, పనిముట్టు వెనక్కి జరిగే కొద్దీ తగ్గుతుంది. బండి ముందువైపు తగిలించి మట్టి, ఎరువు ఎత్తే లోడర్ మా తోట పనికి అవసరం పడలేదు.

ధర సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, కొటేషన్‌లో ఆ తగ్గింపు కనిపించాలి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అటు శ్రీకాకుళం, ఇటు బరంపురం. మూడు చోట్లా రేటు అడగండి. ఆంధ్రా వైపు కొంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో తెచ్చుకుని గజపతి జిల్లాలో పక్కా చేయించుకోవాలి. ఒడిశా సబ్సిడీ మీద ఆశ ఉంటే మాత్రం బయానా ఇవ్వకముందే వ్యవసాయ ఆఫీసులో నియమాలు, ఏ డీలర్ల దగ్గర కొనాలో అడగండి.

రేటు కన్నా నేను ఎక్కువ చూసేది విడిభాగాలు. షోరూంలో కాకుండా పక్కనున్న స్పేర్ పార్ట్స్ కొట్టులో అడగండి: ఫ్యాన్ బెల్టు, డీజిల్ ఫిల్టర్, క్లచ్ ప్లేటు ఈ మోడల్‌వి ఇప్పుడు ఉన్నాయా? "తెప్పిస్తాం" అంటే ఎన్ని రోజులు? మీ ఊరికి వచ్చే మెకానిక్ ఆ ఇంజన్ విప్పాడా? పిక్కలు రాలే నెలల్లో బండి షెడ్‌లో వారం కూర్చుంటే, తగ్గించి ఇచ్చిన పది వేలూ ఎక్కడికి పోయాయో తెలియదు.

డెమో తప్పకుండా మీ తోటలోనే అడగండి, వానాకాలం చివర గడ్డి బాగా ఉన్నప్పుడు, స్లాషర్ తగిలించి. ఇంజన్‌ను పీటీఓ 540 వచ్చే వేగంలో పెట్టి, గంటకు మూడు నుంచి ఐదు కిలోమీటర్ల నడకకు సరిపడే గేర్లు ఎన్ని ఉన్నాయో చూడండి. ఎత్తైన గడ్డిలోకి వెళ్లగానే ఇంజన్ శబ్దం కుంగిపోతే పవర్ చాలదు. చివరి చెట్టు దగ్గర తిప్పి చూడండి, ఒక్క మలుపులో తిరగాలి. బండిని నడపబోయే మనిషి చేతే నడిపించండి. డీలర్ కుర్రాడు నడిపితే ఏ బండైనా బాగానే తిరుగుతుంది. మా మరిది పొడవు మనిషి, ఒక మోడల్‌లో మోకాలు స్టీరింగ్‌కు తగులుతోందని దిగిపోయాడు. మిగతావన్నీ నచ్చినా దాన్ని వదిలేశాం.

నచ్చితే బయానా ఇచ్చే ముందు కొటేషన్ మీద మోడల్ పూర్తి పేరు, టైరు సైజు, క్లచ్ రకం, స్లాషర్ వెడల్పు, మొదటి సర్వీసు ఎవరు ఎక్కడ చేస్తారో రాయించి, కింద సంతకం పెట్టించుకోండి.