మ్యూజియంలోని పాత బాకు చరిత్రను ఎలా పరిశోధించాలి?

అద్దాల బీరువాలోని బాకు పక్కన సాధారణంగా ఒకటి రెండు పంక్తుల చీటీ మాత్రమే ఉంటుంది. "మొగలు కాలం, 17వ శతాబ్దం" అన్న ఆ మాటలు ఎప్పుడో ఎవరో చేసిన నిర్ణయం. ఆ నిర్ణయానికి ఆధారమేమిటని వెతకడమే పరిశోధకుడి పని.

ముందుగా ఒకే ఒక్క వస్తువును ఎంచుకొని, దాని రిజిస్టరు సంఖ్యను రాసుకోండి. ఆ సంఖ్య తరచుగా వస్తువు మ్యూజియంలో చేరిన సంవత్సరాన్ని చెబుతుంది. వాషింగ్టన్‌లోని ఫ్రియర్ గ్యాలరీలో ఉన్న జహంగీరు కత్తి సంఖ్య 1955తో మొదలవుతుంది, అంటే అది అక్కడికి చేరింది ఆ సంవత్సరంలోనే. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం వస్తువులు అనేకం భారత ప్రభుత్వపు మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో కనిపిస్తాయి కాబట్టి, తెలుగు పాఠకులు అక్కడి నుంచి మొదలుపెట్టడం సులువు.

తరువాత అలుగు (కోసే లోహపు భాగం), పిడి, ఒర మూడింటినీ వేర్వేరు వస్తువులుగా భావించి విడివిడిగా వర్ణించండి. తొందరపడేవారు పొరబడేది ఇక్కడే. తంజావూరు కటారులలో అనేకం ఐరోపా నుంచి వచ్చిన కత్తుల అలుగులను కోసి, ఇక్కడి పిడికి అతికించినవి. పిడిని చూసి ఊరు చెప్పవచ్చు గాని, అలుగుకు అదే ఊరు అంటగట్టరాదు. పచ్చరాతి పిడి ఒక తరంలో, అలుగు మరో తరంలో తయారై ఉండవచ్చు. పేర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం: నేడు కటారి అంటున్న ఆయుధం మొగలు పత్రాలలో జమ్‌ధర్ అనే పేరుతో కనిపిస్తుంది కనుక, జాబితాలను రెండు పేర్లతోనూ వెతకాలి.

ఇక గుర్తులను చూడండి. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సాక్ష్యం ఇదే. బికనీరు ఆయుధాగారం నుంచి ప్రపంచమంతటా చెదిరిపోయిన కటారులపై చుక్కలతో పొడిచిన నాగరి అక్షరాలు, అంకెలు ఉంటాయి. 1680ల చివర్లో మొగలు సేనలు ఆదోనిని గెలుచుకున్న తరువాత, బికనీరు రాజు అనూప్ సింగ్ అక్కడి ఆయుధాలను తన రాజ్యానికి తరలించాడు. కొన్నిటిపై ఆదోని పేరు కూడా చెక్కి ఉంది. అటువంటి చుక్కల వరుస ఏ విదేశీ మ్యూజియం కటారిపై కనబడినా, మన కర్నూలు ప్రాంతపు కోటతో దానికి సంబంధముందేమో పరిశీలించవలసిందే. గుర్తులలో సంవత్సరం కూడా ఉంటే దాన్ని క్రీస్తు శకంలోకి మార్చుకోవాలి: విక్రమ సంవత్ నుంచి 57 తీసివేస్తే క్రీస్తు శకం సుమారుగా వస్తుంది. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలపాలి. 1030 హిజ్రీ ఇలా 1621 అవుతుంది.

ఆ 1621లోనే జలంధరు ప్రాంతంలో ఉల్క పడింది. దాని ఇనుముకు మామూలు ఇనుము కలిపి, దావూద్ అనే పనివాడి చేత రెండు ఖడ్గాలు, ఒక బాకు, ఒక చిన్న కత్తి చేయించినట్లు జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఫ్రియర్ గ్యాలరీలోని కత్తిపై బంగారు అక్షరాలలో ఉన్న లేఖనం ఆ కథనంతో సరిపోతుంది. వస్తువు, గ్రంథం ఇలా ఒకదానికొకటి సాక్ష్యమివ్వడం చాలా అరుదు. అందుకే "ఫలానా రాణి వాడినది" అన్న మాట చీటీపై కనిపించినంత మాత్రాన నమ్మకండి. లేఖనమో, పాత జాబితాలో నమోదో ఉన్నదా అని అడగండి.

లోహ పరీక్ష మనం చేయగలిగింది కాదు, కానీ ఫలితాలను చదవడం నేర్చుకోవాలి. ప్రాచీన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ ఇనుప బాకును ఎక్స్-రే ఫ్లోరసెన్స్‌తో (ఎక్స్-రే కిరణాలతో లోహంలోని మూలకాలను గుర్తించే పద్ధతితో) పరీక్షించినవారు అందులో దాదాపు 11 శాతం నికెల్ ఉన్నట్లు 2016లో ప్రకటించడంతో, మామూలు ఇనుములో అంత నికెల్ ఉండదు కనుక, అది ఉల్క ఇనుమన్న వాదం బలపడింది. మూసలో కరిగించి తయారుచేసే మూస ఉక్కు విషయం మరింత చిక్కైనది: నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కును పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు కాబట్టి, ఇస్ఫహాన్‌లో తయారైన అలుగులోని లోహం తెలంగాణది కావచ్చు.

చివరగా ఆ మ్యూజియంలో వస్తువుల బాధ్యత చూసే క్యురేటరుకు ఉత్తరం రాయండి. "దీని చరిత్ర చెప్పండి" అనకుండా, రిజిస్టరు సంఖ్యను పేర్కొని, ఎవరి నుంచి ఏ సంవత్సరంలో వచ్చింది, పిడి కింద గుర్తులున్నాయా, పాత ఛాయాచిత్రాలున్నాయా అని విడివిడిగా అడగండి. మీరు చదవగలిగిన లేఖనం ఏదైనా ఉంటే, దాని పాఠాన్ని అదే ఉత్తరంలో జతచేసి పంపండి.